జానకీదేవి కట్టిన మేళం

ఫార్మసీలో ఊరందరి మందులూ గుర్తుపెట్టుకునే లక్ష్మీప్రియ, ఆ శనివారం వీణను కారులోనే మరిచిపోయింది. అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఆగస్టు ఎండ అంటే మాటలా! షాపింగ్ ముగించుకుని వచ్చి డోర్ తీసేసరికి మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి, ఇత్తడి మెట్లన్నీ తలోవైపు ఒరిగిపోయి ఉన్నాయి.

"అయ్యో, నా కొంప మునిగింది!" అంటూ పార్కింగ్ లాట్‌లోనే కూలబడింది.

మునిగింది కొంపే మరి. వాళ్లది గోదావరి ఒడ్డున తల్లి నుంచి కూతురికి వీణ సంక్రమించే కళావంతుల ఇల్లు. ఆ మెట్లను మైనంలో నిలిపింది అమ్మమ్మ జానకీదేవి. మేళం కట్టడమంటే అదే. ఆవిడ తన చెవి ఒప్పుకున్న చోటే ప్రతి మెట్టూ పెట్టేది, అందుకే ఆ నాదం ఇంకే వీణకీ రాదు. ఆవిడ పోయాక లక్ష్మీప్రియ ఆ మేళాన్ని ఎవర్నీ మార్చనివ్వలేదు. ఆ చేతిపని ఒక్క మధ్యాహ్నంలో కరిగిపోయింది. పైగా మర్నాడే ఆ వీణ మీద కూతురు ఇషా మొదటి కచేరీ.

"చెన్నైలో మేళం కట్టేవాళ్లెవరికైనా వీడియో కాల్ చేద్దామా?" అన్నాడు భర్త జగన్మోహన్.

"వాళ్ల మేళం నాకెందుకండీ!" అని కసిరింది.

మెట్లన్నీ ఊడదీసి, హెయిర్ డ్రయర్‌తో మైనం వేడి చేస్తూ తనే మొదలుపెట్టింది. ఇషా తీగ మీటుతుంటే తను మెట్టు జరిపేది. గాంధారం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎక్కడ పెట్టినా స్వరం సరిగ్గానే ఉంది, అమ్మమ్మది మాత్రం కాదు.

"పోయిందే ఇషా, మా అమ్మమ్మ ఇవాళ నిజంగా పోయింది," అని బావురుమంది.

"నో అమ్మా. కొంచెం లోయర్‌గా ఉంటుంది అది."

"నీకెలా తెలుసే?"

"రోజూ వింటా కదా?"

లక్ష్మీప్రియ వెంట్రుకవాసి జరిపింది. "ఇంకా," అంది పిల్ల. ఇంకాస్త జరిపింది. "ఆ! అక్కడే!"

తీగ మోగింది. లక్ష్మీప్రియకు ఒళ్లంతా గగుర్పొడిచింది. జానకీదేవే ఎదురుగా కూర్చుని మీటినట్టుంది! ఈ పిల్ల పుట్టకముందే ఆవిడ పోయింది. పుట్టడమా అర్కాన్సాలో, నోరు తిరిగి 'ళ' కూడా పలకదు. మరి ఆ చెవి ఏ దారిన వచ్చిందో, ఎవరికెరుక!

లక్ష్మీప్రియ కళ్లు తుడుచుకుంది. మిగిలిన మెట్లన్నీ కూతురి ఒడిలో పోసి, తను తీగ మీటడానికి అటు జరిగి కూర్చుంది.

"నువ్వు కట్టవే తల్లీ," అంది.