టీచరమ్మకు నేను రాసిచ్చిన నంబర్లు

మా టీచరమ్మ పోయిందన్న మాట ఫోన్లో వచ్చింది. ఆమె చెల్లెలు చేసింది. ఏడవలేదు. ఏదో పని అప్పగిస్తున్నట్టు మాట్లాడింది.

“పొద్దుగాల పోయింది బిడ్డా, సూర్యాపేట దవాఖానల్నే. రేపు పదకొండింటికి తీస్కపోతం. మీ ట్రైనింగోళ్ల నంబర్లన్నీ నీ దగ్గర్నే ఉంటయని అక్క అనేది. జర అందరికి నువ్వే చెప్పు.”

సరేనన్నాను. పొయ్యి ఆపి, బీరువాలోంచి రిజిస్టరు తీసి, కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. మొదటి నంబరుకు మగ గొంతు పలికింది. రెండోదానికీ మగ గొంతే. మూడోది స్విచ్ఛాఫ్. నాలుగోది మా కోదాడ పక్క ఊరిది. ఎత్తినాయనతో, ఆయన భార్యను పిలవమన్నాను.

“చెప్పండి, ఏంటి విషయం? ఆవిడకి నేను చెప్తాలెండి,” అన్నాడాయన.

టీచరమ్మ పోయిందని చెప్పాను.

“అయ్యో, మంచి మనిషండీ. నేనొస్తాను.”

“మీరు కాదండీ, ఆవిడ రావాలి.”

“ఎవరొస్తే ఏంటండీ,” అని పెట్టేశాడు.

ఆమె ఎవరో తెలియనివారికి కాస్త చెప్పాలి. బడిలో నాకు పాఠాలు చెప్పిన మనిషి కాదు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక, ఊళ్లలో సర్పంచులుగా, వార్డు మెంబర్లుగా గెలిచిన ఆడవాళ్లకూ, పొదుపు సంఘాలు నడిపేవాళ్లకూ శిక్షణ ఇచ్చే పని ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పట్టుకుంది. సూర్యాపేటలో ఒక మేడ మీద కిరాయి గది. వారానికి రెండు రోజుల చొప్పున మూడు నెలలు. అప్పుడు నేను నడిగూడెం పక్క ఊళ్లో వార్డు మెంబరును. సీటు ఆడవాళ్లకు వచ్చిందని ఇంట్లోవాళ్లు నా పేరు వేశారు, గెలిచాను. గ్రామసభలో నేను కూడా నోరు విప్పొచ్చని ఆ గదిలోనే నాకు తెలిసింది.

హాజరు పిలిచేటప్పుడు ఎవరైనా ఫలానా ఆయన భార్యనని చెబితే ఆమె రాసుకునేది కాదు. సొంత పేరు చెప్పేవరకూ పెన్ను గాలిలో పట్టుకుని కూర్చునేది. చాక్‌పీసు సగానికి విరిచి ఒక ముక్క మాలో ఎవరో ఒకరి చేతిలో పెట్టి, “నేను తప్పు రాస్తె లేసొచ్చి దిద్దు,” అనేది. మొదటి నెల ఎవరూ లేవలేదు. రెండో నెలలో ఆమె కావాలనే తప్పులు రాయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అందరి అన్నం డబ్బాలూ వరసగా పెట్టించి, మూత తీయకుండానే ఎవరిది ఏ కూరో వాసన పట్టి చెప్పేది. ఎక్కువసార్లు తప్పేది, ఒప్పుకునేది కాదు. “ఇది వంకాయనే. మీ అత్త బెండకాయని నీకు అబద్ధం చెప్పింది,” అనేది.

ఆఖరి రోజున మేమందరం సర్టిఫికెట్ల కోసం మంచి చీరలు కట్టుకుని వెళ్లాం. ఆమె ఇవ్వలేదు.

“సర్టిఫికెట్ గోడకు తగిలేస్తరు. మీరు నాకు గోడ మీద వద్దు,” అంది. “ఐదేండ్లకు కుర్చీ గుంజుకుంటరు. ఈసారి ఆడోళ్లకొచ్చిన సీటు మళ్లసారి రాదు. అప్పుడు ఒకరికొకరు లేకపోతే, ఒక్కొక్కరు ఒక్కో వంటింట్ల పడ్తరు. ఎవ్వలు అడగరు.”

అందుకని అన్ని బ్యాచ్‌లవాళ్లనూ కలిపి ఒక జట్టుగా ఉంచాలనుకుంది. మూడు నెలలకొకసారి సూర్యాపేటలో, ఆ తర్వాత కోదాడలో, ఆ తర్వాత మిర్యాలగూడలో కలవాలి. పదవి ఉన్నవాళ్లు లేనివాళ్లను అడగాలి, లేనివాళ్లు ఉన్నవాళ్లకు చెప్పాలి. రిజిస్టరు రాసే పని నాకిచ్చింది. నేను గీతలు స్కేలుతో గీస్తాను, కొట్టివేతలుండవు. పేరు, ఊరు, మండలం, పదవి, బ్యాచ్, ఫోను. ఆరు గడులు. ప్రతి బ్యాచ్ చివరా కోదాడ నుంచి బస్సులో వెళ్లి రాసి వచ్చేదాన్ని. అది చూసినప్పుడల్లా టీచరమ్మ ముఖం వెలిగేది.

ఆ జట్టు పనిచేయడం నేను ఒక్కసారి కళ్లారా చూశాను. తుంగతుర్తి వైపు ఒక ఊళ్లో మా బ్యాచ్ సర్పంచును ఖాళీ తీర్మానం పుస్తకం మీద సంతకం పెట్టమని ఊరి పెద్దలు కూర్చోబెట్టారు. ఆమె, భర్త స్నానానికి వెళ్లిన పది నిమిషాల్లో ఆయన ఫోనుతో మేళ్లచెరువు సైదమ్మకు చేసింది. సైదమ్మ మా బ్యాచ్‌లోనే సంఘం లీడరు. “జ్వరమొచ్చిందని ముసుగు తన్ని పండుకో. పొద్దుగాల మేమొస్తం,” అంది సైదమ్మ. మర్నాడు టీచరమ్మ, సైదమ్మ, నేను బస్సులు మారి వెళ్లి పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చున్నాం. ఏమీ అనలేదు. టీచరమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న పల్లీలు ఒలుచుకుని తింటూ కూర్చుంది. మధ్యాహ్నానికి ఆ పుస్తకంలో తీర్మానం రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం అడిగారు. తిరుగు బస్సులో టీచరమ్మ చిన్నపిల్లలా కిటికీ పక్క సీటు కోసం సైదమ్మతో పోట్లాడింది.

తర్వాత సంస్థవాళ్లు ప్రాజెక్టు అయిపోయిందని గది ఖాళీ చేశారు. టీచరమ్మ ఆపలేదు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లువాళ్లను అడిగి ఆదివారం పూట షెడ్డు తీసుకుని అందరికీ కబురు పెట్టించింది. నేను రిజిస్టరు ముందు పెట్టుకుని అందరికీ మెసేజ్‌లు పంపాను. ఆ రోజు షెడ్డు నిండింది. కానీ వచ్చినవాళ్లలో ఆడవాళ్లం ఐదుగురం. మిగిలిన వాళ్లంతా మగవాళ్లు. తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఒకాయన మైకు ఎక్కడని కూడా అడిగాడు.

“మీరెవరు నాయనా?” అంది టీచరమ్మ.

“ఫలానా ఊరి మాజీ సర్పంచ్ భర్తను మేడం. మా ఆమెకు కలుపుతీత ఉండె. నేనొచ్చిన గదా, ఏం చెప్తరో చెప్పుండ్రి.”

“నీకు నేను ట్రైనింగ్ ఇయ్యలే గదా.”

“ఆమెకిచ్చింది నాకిచ్చినట్టే మేడం. ఆమె సంతకం గూడ నేనే పెడ్త గదా.”

వెనక నుంచి సైదమ్మ, “పురుడు గూడ నువ్వే పోసుకున్నవా బావా?” అంది. షెడ్డంతా నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. టీచరమ్మ నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, రిజిస్టరు తెరిపించి, ఫోను గడి మీద వేలు పెట్టింది.

“ఇవి ఎవరి నంబర్లు బిడ్డా?”

అప్పటిదాకా నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. ఫోను నంబరు చెప్పమన్నప్పుడు అందరూ ఇంట్లో ఉన్న ఫోను నంబరు చెప్పారు. ఇంట్లో ఉన్న ఫోను భర్తది, లేదంటే మరిదిది. నేను తప్పుల్లేకుండా, గుండ్రటి అంకెలతో రాశాను. సొంత నంబరున్నది ఎవరికా అని అక్కడే నిలబడి చూస్తే, సైదమ్మ లాంటివాళ్లకు, అంటే భర్త పోయినవాళ్లకు. నా పేరు కూడా వెతికాను. దాని పక్కన మా ఆయన నంబరుంది. నా చేత్తో నేనే రాసుకున్నాను.

టీచరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. “ఇన్నేండ్లు నేను మొగోళ్ల సంఘం కట్టిన,” అని మాత్రం అంది.

ఆ తర్వాత రెండేళ్లు ఇద్దరం ఊళ్లు తిరిగాం, ఆడవాళ్ల దగ్గరికే వెళ్లి వాళ్ల నంబర్లు రాసుకోవాలని. మిర్యాలగూడ దగ్గర తండాకు వెళ్లింది ఆ తిరుగుడులోనే. అక్కడి కమిలి మా అందరిలో చురుకైన సర్పంచు. విరిచిన చాక్‌పీసు పట్టుకుని లేచి వెళ్లి బోర్డు మీది తప్పును మొట్టమొదట దిద్దింది ఆమే. మేం వెళ్లేసరికి పదవి అయిపోయి కూలికి పోతోంది.

“నా నంబర్ తోని ఏం చేస్తవ్ టీచరమ్మా? ఇప్పుడు నేను సర్పంచును కాదు గదా.”

“నేను గూడ హెడ్‌మిస్ట్రెస్‌ను కాదు. నాతో మాట్లాడవా?”

కమిలి నవ్వి, కూతురు వాడి వదిలేసిన ఫోను నంబరిచ్చింది. మూడు నెలలకు అది మూగబోయింది. ఇట్లా చాలా పోయాయి. రీచార్జి చేయించకపోతే నంబరు ఇంకెవరికో వెళ్లిపోతుంది. ఒకసారి మా బ్యాచ్ ఆమె అనుకుని చేస్తే విజయవాడలో ఎవరో లారీ డ్రైవరు ఎత్తి, లోడు ఎక్కడ ఎక్కించాలని అడిగాడు. నేను మాత్రం ఫోను కొనిపించుకున్నాను. దానికి రోజుకు రెండు కాల్స్ వస్తాయి, మా ఆయనదొకటి, ఏదో కంపెనీవాళ్లదొకటి.

చివరిసారి దవాఖానలో చూసినప్పుడు ఆమె బాగా చిక్కిపోయింది. “కమిలి కలిసిందా?” అని అడిగింది. కలిసిందని అబద్ధం చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. “ఒక్కసారి పదిమందిని ఒక దగ్గర కూసోబెట్టు బిడ్డా. నేను లేనప్పుడు కూసోవాలె. నేనుంటేనే కూసుంటరంటే అది సంఘం గాదు, నా సుట్టరికం,” అంది. సరేనన్నాను. ఆమెకు నేనిచ్చిన మాట అదొక్కటే.

ఆమెను తీసుకెళ్లిన రోజున ఆ పదిమంది కోసం గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. మగవాళ్లు బాగానే వచ్చారు. గోడకు ఒక ఫ్లెక్సీ కట్టారు. పైన టీచరమ్మ ఫొటో, కింద వరసగా భర్తల ఫొటోలు, ఒక్కొక్కరి కింద మాజీ సర్పంచ్, మాజీ వార్డు మెంబర్ అని. అందులో కమిలి భర్త కూడా ఉన్నాడు. ఎదురుపడితే కమిలి రాలేదేమని అడిగాను.

“చెప్పినక్కా. నాట్లున్నయి, రానన్నది.”

సైదమ్మ ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి, “పోయింది టీచరమ్మనా, మీరా? ఎవరికి దండెయ్యాలె?” అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అన్నీ అయ్యాక ఆడవాళ్లం నలుగురం మిగిలాం. రోడ్డు మీద హోటలు ముందు బల్ల మీద కూర్చున్నాం. మళ్లీ ఎప్పుడు కలుద్దామని అడిగాను. ఒకామెకు ఇంటి నుంచి ఫోనొస్తే లేచి వెళ్లిపోయింది. ఇంకొకామె తుంగతుర్తి బస్సుకు టైమైందని చాయ సగంలో వదిలేసి వెళ్లింది. సైదమ్మ తన చాయ తాగి గ్లాసు పక్కన పెట్టింది.

“ఇగ నువ్వు ఫోన్లు చేసుడు బంద్ పెట్టు సెల్లె. ఇది ఫోన్లతోని అయ్యేది గాదు.”

“మరి దేంతో అయితదక్కా?”

“ఆమెకే తెల్వలే. నాకేమెరుక?”

మూడు రోజుల తర్వాత తండాకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో సరిగ్గా చెప్పలేను. పదిమందిని కూర్చోబెట్టగలననే ఆశ అప్పటికి నాలో లేదు. పొలంలో ఆడవాళ్లు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. గట్టు మీద నిలబడి కమిలిని పేరు పెట్టి పిలిచాను. నడుం ఎత్తి చూసి, గుర్తుపట్టి నవ్వింది.

“ఎన్నాళ్లకొస్తివి అక్కా. టీచరమ్మ మంచిగున్నదా?”

నేను చెప్పాను. ఆ నవ్వు ఆమె ముఖం మీద నుంచి వెంటనే పోలేదు. పోవాలని దానికి తెలియనట్టు కాసేపు అట్లాగే ఉంది.

“ఎప్పుడు?”

“సోమవారం తీస్కపోయినం. సూర్యాపేటల.”

“సోమారం మా ఆయన సూర్యాపేట పోయొచ్చిండు,” అంది నెమ్మదిగా. “ఏదో లారీ పని అన్నడు.”

పక్కన ఉన్నవాళ్లు ఒకసారి తలెత్తి చూసి, వాళ్ల భాషలో ఏదో అనుకుని మళ్లీ వంగారు. నాట్లేసేవాళ్లు వెనక్కి జరుగుతూ పోతారు, వరస ఎవరి కోసమూ ఆగదు. చూస్తుండగానే వాళ్లు దూరం జరిగిపోయారు. ఇరుపక్కలా నాటిన నారు పచ్చగా లేచింది. కమిలి వెనక మాత్రం ఒక మనిషి వెడల్పున ఖాళీ నీళ్లు పొడుగ్గా మిగిలాయి. పిక్కల దాకా బురదలో, చేతిలో నారుకట్ట పట్టుకుని, నాటకుండా, కింద పెట్టకుండా ఆమె అట్లాగే నిలబడి ఉంది.