తిరగరాయని రికార్డు

2001లో బందరులోని ఒక బీఈడీ కాలేజీలో చేరేనాటికి షాహీన్‌కి ఇరవై మూడేళ్లు. తండ్రి సిరాజుద్దీన్ టైలరు. కూతురికి లెక్కల చదువెందుకని అడిగినవాళ్లతో వాదించీ వాదించీ ఆయన గొంతు పెద్దదైంది. షాహీన్ గొంతు చిన్నదే. మొండితనం మాత్రం తండ్రిదే.

టీచింగ్ ప్రాక్టీసుకి ఆమెని నాగాయలంక దగ్గర ఒక హైస్కూల్లో వేశారు. పొద్దున్నే బస్సెక్కి, అవనిగడ్డలో మరో బస్సు మారి, ప్రార్థన వేళకి చేరేది. మొదటి వారం పాఠం చెప్పకూడదు. వెనక కూర్చుని, లెక్కల మాస్టారు భుజంగరావు గారు చెప్పేది చూసి రికార్డు రాయాలి. అందులో ఏం రాయాలో కాలేజీలో అందరికీ తెలుసు. బోధన చక్కగా ఉంది, నల్లబల్ల వాడకం బాగుంది, తరగతి క్రమశిక్షణతో ఉంది. సీనియర్ల రికార్డుల్లోంచి ఏళ్ల తరబడి దిగుతూ వస్తున్న వాక్యాలవి.

షాహీన్ మాత్రం ఎనిమిదో తరగతి బెంచీల పటం ఒకటి గీసుకుంది. మాస్టారు ఎవరిని ప్రశ్న అడిగితే ఆ పేరు దగ్గర టిక్కు పెట్టింది. అయిదు రోజులయ్యాక చూసుకుంటే, నలభై నాలుగు మందిలో టిక్కులన్నీ తొమ్మిది మంది దగ్గరే ఉన్నాయి. గోడవైపు వరుసలో కూర్చునేది పన్నెండు మంది ఆడపిల్లలు, సముద్రం మీద వేటకి వెళ్లే ఇళ్ల పిల్లలు. వాళ్లలో ఒక్కరికీ ఒక్క టిక్కు లేదు. హాజరు పలికినప్పుడు తప్ప ఆ వరుస గొంతే ఆమె వినలేదు.

చూసింది చూసినట్టు రాసింది, పటంతో సహా.

కాలేజీ నుంచి తనిఖీకి వచ్చిన లెక్చరర్ గోవర్ధనరావు గారు స్టాఫ్ రూములో ఆ రికార్డు తిరగేసి, ఆమె ముందుకు తోశారు.

"ఏంటమ్మా ఇది? పాఠం చూడమన్నామా, ఇన్‌స్పెక్షన్ చెయ్యమన్నామా?"

"జరిగిందే రాశానండీ."

"ఈ స్కూలు మనకి వచ్చే ఏడు కూడా కావాలి. ఈ పేజీలు తీసేసి మళ్లీ రాసుకురా. ఇంటర్నల్ మార్కులు ఎవరేస్తారో తెలుసుగా?"

షాహీన్ రికార్డు తెరిచి, పటం ఉన్న పేజీ ఆయన వైపు తిప్పింది.

"తప్పు ఎక్కడుందో చెప్పండి సార్, దిద్దుకుంటాను. తప్పు లేకపోతే మాత్రం తిరగరాయనండీ."

పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న భుజంగరావు గారు అంతా విన్నారు. ఇరవై ఆరేళ్ల సర్వీసు ఆయనది. గ్లాసు పక్కన పెట్టి లేచారు.

"రేపు నువ్వు చెప్పమ్మా పాఠం. టిక్కులు నేను పెడతా. నువ్వెంతమందిని అడుగుతావో చూద్దాం."

"తప్పకుండా రండి మాస్టారూ," అంది షాహీన్.

మర్నాటి పాఠం విలోమానుపాతం. ఒకటి పెరిగితే రెండోది తగ్గడం. పుస్తకంలోని కూలీల లెక్క వదిలేసి ఆమె రొయ్యల లెక్క తయారుచేసుకొచ్చింది. బస్సులో ఎవరో రొయ్యల కౌంటు గురించి మాట్లాడుకుంటుంటే విన్నది, అంతే. బోర్డు మీద ముప్పై కౌంటు, అరవై కౌంటు అని రాసి, "అరవై కౌంటంటే పెద్ద రొయ్య కదా?" అంది.

గోడవైపు వరుస పక్కుమంది. వెనక భుజంగరావు గారూ నవ్వారు.

షాహీన్ ముఖం వేడెక్కింది. అయినా బోర్డు చెరపలేదు. ముందుగా నవ్విన నాంచారమ్మ అనే పిల్లని లేపింది. ఆ పిల్ల పుస్తకం గుండెకి హత్తుకుని నేల చూస్తూ నిలబడింది. మిగతా వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. షాహీన్ కూర్చోమనలేదు, ఇంకొకరిని లేపలేదు.

"నాకు తెలీదు నాంచారమ్మా. నీకు తెలుసు. చెప్తే నేర్చుకుంటాను."

"కౌంటంటే కేజీకి ఎన్ని తూగుతాయో అదండీ," అంది ఆ పిల్ల చివరికి. "అరవై తూగితే చిన్నయ్యి. ముప్పై తూగితేనే పెద్దయ్యండీ."

"మరి కౌంటు పెరిగితే ఒక్కో రొయ్య బరువు?"

"తగ్గుద్దండీ!" వరుస మొత్తం ఒక్కసారే అంది.

బెల్లు కొట్టాక భుజంగరావు గారు కాగితం ఆమె చేతిలో పెట్టారు. గోడవైపు ఏడుగురికి టిక్కులున్నాయి. తలుపు దగ్గరి బెంచీలో నలుగురు మగపిల్లల దగ్గర ఖాళీ.

"వీళ్లున్నారనే నీకు గుర్తు లేదు," అన్నారాయన, గెలిచినట్టు.

నిజమే. ఉక్రోషంతో ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

"దీనిమీద సంతకం పెట్టివ్వండి మాస్టారూ. నా రికార్డులో అంటిస్తాను."

ఆయన పెన్ను తీసి సంతకం పెట్టి, "నీ పటం మీదా పెట్టమంటావేంటి?" అన్నారు వెటకారంగా.

"పెడితే మంచిదేనండీ."

పెట్టలేదు. మర్నాడు మాత్రం తన క్లాసులో గోడవైపు ఇద్దరిని ప్రశ్న అడిగారు. వారం తిరక్కుండా మళ్లీ మానేశారు.

గోవర్ధనరావు గారు అన్నంత పనీ చేశారు. ఇంటర్నల్స్‌లో షాహీన్‌కి అందరికంటే తక్కువ మార్కులొచ్చాయి. ఫస్టు క్లాసు పోయింది. మార్కుల లిస్టు చూసి సిరాజుద్దీన్ బాధపడ్డాడు.

"ఆ రెండు పేజీలు మార్చి రాస్తే సరిపోయేదిగా బేటీ?"

"సరిపోయేది అబ్బాజాన్. రాయలేదు."

గుడివాడలో ఒక ప్రైవేటు స్కూలు ఇంటర్వ్యూలో కరస్పాండెంట్ శోభనాద్రి గారు ఆ మార్కుల గురించే అడిగారు. ఆమె అంతా చెప్పింది. ఆయన సర్టిఫికెట్లు వెనక్కిచ్చి, "మాకు ఇట్టాంటి గొడవలొద్దమ్మా," అన్నారు.

షాహీన్ ఫైలు సర్దుకుని, ఆ వీధి చివరున్న ఇంకో స్కూలుకి నడిచింది. అక్కడా అదే అడిగారు. అక్కడా అదే చెప్పింది. సోమవారం నుంచి ఆరో తరగతికి రమ్మన్నారు.