ఇంజన్ ఆపకుండా చూడాలి

క్షమించడం నాకు చేతకాదు. డెబ్భై దాటాను, ఇంక నేర్చుకునే ఆశ కూడా లేదు. అశోక్‌నగర్ షెడ్డులో, ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు వేసుకుని, ఆయిల్ కడ్డీ చేతిలో పట్టుకుని నిలబడిపోయిన ఒక మనిషి మొహం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఆ మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయిన క్షణం గుర్తొస్తే ఈ వయసులో కూడా నాకు హాయిగా ఉంటుంది. ఆ హాయికి నేనేం పోగొట్టుకున్నానో చివర చెప్తాను.

మా నాయన డ్రైవరు. చిక్కడపల్లిలో ఒక పాత ఇంట్లో రెండు గదుల పోర్షన్ కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. నాయన పనిచేసేది నీళ్ల పైపులు వేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర. ఆఫీసు నారాయణగూడలో, బండ్లు పెట్టే షెడ్డు అశోక్‌నగర్‌లో. ఆ కాంట్రాక్టరు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, అందరూ పెద్దసారనేవాళ్లు. షెడ్డు మీద పెత్తనం ఆయన బావమరిదిది, ఆయన చిన్నసారు. నాయనకు తెలుగు, ఉర్దూ చదవడం వచ్చు గానీ ఇంగ్లీషు రాదు. ఇంటికి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా పీయూసీ చదువుతున్న నేనే చదివి చెప్పాలి. అప్పుడు నాయన బీడీ ఆర్పేసి, మోకాళ్లు ముడుచుకుని, బడిపిల్లాడిలా నా ముందు కూర్చునేవాడు. అంత మర్యాద నాకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు, మా ఆయనతో సహా.

అరవై తొమ్మిది మొదట్లో పెద్దసారు ఒక అమెరికా పికప్ బండి కొన్నాడు. ఏదో విదేశీ ప్రాజెక్టు కోసం ఓడలో వచ్చింది. ఆ ప్రాజెక్టు ఆగిపోవడంతో సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగు కూడా తీయకుండానే అమ్మకానికి పెట్టారు. ముందు క్యాబిన్, వెనక తెరిచిన తొట్టి, ఎడమవైపు స్టీరింగు. అన్నిటికన్నా వింత, దానికి క్లచ్ లేదు. గేర్లు వాటంతట అవే పడేవి. నారాయణగూడ చౌరస్తాలో ఆగితే సైకిళ్లు దిగి మరీ లోపలికి తొంగిచూసేవాళ్లు.

రెండో రోజే నాయన బండితో వచ్చిన పుస్తకాన్ని టవల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. "జర సదివి జెప్పు బిడ్డా. ఈ బండి గుణమేందో తెల్వాలె" అన్నాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు రోజులు చదివాను. గేరుపెట్టె ఆయిల్ ఎంతుందో చూసే పేజీ దగ్గర నాయన నన్ను ఆపి మళ్లీ చదవమన్నాడు. మామూలుగా బండి ఆయిల్ చూడాలంటే ఇంజన్ ఆపి, కాసేపు ఆగి, కడ్డీ తీసి చూస్తారు. ఈ గేరుపెట్టెకు అలా కాదట. బండి నడిపి వేడెక్కించాలి, చదునైన చోట ఆపాలి, బ్రేకు వేసి గేరు కర్రను అన్ని గళ్లలోకీ ఒకసారి తిప్పి బండిని కదలకుండా నిలిపే పార్క్ గడిలో పెట్టాలి, ఇంజన్ నడుస్తూ ఉండగానే కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ దించి చూడాలి.

"గట్లెందుకు?" అన్నాను, నాకేం అర్థం కాక.

నాయనకు ఇంగ్లీషు రాకపోయినా బండి వచ్చు. "ఇంజన్ నడుస్తుంటే ఆయిల్ మీదికెక్కి పని జేస్తది. బంద్ జేస్తే అంత కిందికి జారి జమైతది. అప్పుడు జూస్తే ఎక్కువున్నట్టు కనవడతది. అది అబద్ధం బిడ్డా" అన్నాడు. ఆ పేజీని నా కాలేజీ నోటుబుక్కులో తెలుగులో గుండ్రంగా రాసిపెట్టాను. పైన "నాయన కోసం" అని రాసి కింద గీత గీశాను.

నాయన ఈ సంగతి చిన్నసారుకు చెప్పాడు. చిన్నసారు షెడ్డంతా వినేలా నవ్వాడు. "ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ చూస్తారటయ్యా ఎవరైనా? లారీలు తోలీ తోలీ నీకు బుర్ర అరిగిపోయింది" అన్నాడు. అసలు చిక్కేమిటంటే ఆయనకు బండ్ల గురించి కొంచెం తెలుసు. ఏమీ తెలియని మనిషైతే పుస్తకం చూసేవాడు. ఒకరోజు నాయన అన్నానికి ఇంటికి వచ్చిన గంటలో, చల్లారిన బండికి కడ్డీ తీసి చూసి, ఆయిల్ గీత దాటి పైకి ఉందని, రబ్బరు గొట్టం పెట్టి డబ్బాలోకి లాగేశాడు. రోజ్ షర్బత్ రంగులో ఉండే ఆ నూనెను పారబోయబుద్ధి కాక షెడ్డు గేటు కీళ్లకు పోయించాడు. ఇదంతా కొన్నాళ్ల తర్వాత వాచ్‌మన్ నాతో చెప్పాడు. ఆ ఏడాదంతా ఆ గేటు కిర్రుమనలేదు.

వారం తిరక్కముందే, పైపుల లోడుతో నాలా మీది వంతెన ఎక్కుతుంటే ఇంజన్ మొత్తుకుంది గానీ బండి కదల్లేదు. కింద నుంచి పొగ, కాలిన వాసన. నడుపుతున్నది నాయన. బండిని తాళ్లతో లాక్కొచ్చాక చిన్నసారు పెద్దసారు ముందు, పదిమంది డ్రైవర్ల ముందు ఒక మాటన్నాడు. "గేర్లు లేని బండికి కూడా గేర్లు విరగ్గొట్టిన మొనగాడు." అందరూ నవ్వారు. పెద్దసారు నాయనను రేపటి నుంచి రావద్దన్నాడు.

పని పోవడం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. నారాయణగూడ డ్రైవర్ల అడ్డాలో అదే నాయన పేరైపోయింది. కాచిగూడలో ఎవరో లారీకి మనిషి కావాలంటే వెళ్తే, "గేర్లు లేని బండికి గేర్లు ఇరగ్గొట్టినాయన నువ్వేనా అన్నా?" అని అడిగారట. ఇరవై ఏళ్లలో ఒక్క దెబ్బ తగిలించని చెయ్యి మా నాయనది. బండి పాడు చేశాడన్న పేరు పోతే తప్ప ఆయనకు ఈ ఊళ్లో ఎవరూ స్టీరింగు ఇవ్వరు.

పుస్తకం పట్టుకుని షెడ్డుకు పోయాను. పెద్దసారును చూడనివ్వకుండా గేటు దగ్గరే చిన్నసారు ఆ పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఇంగ్లీషు చదివితే డ్రైవింగ్ వస్తుందేంటి అమ్మాయ్? ఇంటికెళ్లి వంట నేర్చుకో" అని, పుస్తకాన్ని తన బీరువాలో పడేసి తాళం వేశాడు. ఇంటికి తిరిగొస్తూ దారంతా నేను ఏడవలేదు. ఈ మనిషి నెత్తిన ఇదే మాట ఇంతకు రెట్టింపు బరువుతో పడాలి, నా కళ్లముందే పడాలి అనుకుంటూ నడిచాను.

వీధిలోవాళ్లు కొందరు, అవి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు కాబట్టి, చిన్నసారు ఆంధ్రా మనిషి గనకే ఇట్ల చేశాడని నాయనను ఎగదోశారు. నాయన ఒప్పుకోలేదు. "గాయన హైదరాబాద్‌ల పుట్టినా ఇంజన్ బంద్ జేసే జూస్తుండె" అన్నాడు.

గేరుపెట్టె బొంబాయి పోయి, రెండు నెలలకు బాగై వచ్చింది. ఈసారి బండి ఎవరికీ ఇవ్వకుండా చిన్నసారే నడిపేవాడు. కాలేజీలు మూసేసి ఉండడంతో నాకు పనేమీ లేదు. కూరగాయలకని, పిండిమరకని రోజూ షెడ్డు ముందు నుంచే పోయేదాన్ని. ఒక పొద్దున నా కంటపడింది. బండి చల్లగా, ఇంజన్ ఆపి, కడ్డీ చేతిలో. మొహం చిట్లించి రబ్బరు గొట్టం అందుకున్నాడు.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. లాగు, ఇంకా లాగు అని మనసులో అన్నాను. ఈసారి కాలిపోయినప్పుడు స్టీరింగు ముందు ఆయనే ఉంటాడు, వేలు చూపించడానికి మా నాయన ఉండడు. ఆ రోజు ఇంటికొచ్చి చింతపండు పులుసు ఎంతో బాగా చేశాను. నాయనకు ఒక్క ముక్క చెప్పలేదు.

కానీ నాయనకు చెవులున్నాయి. ఆ బండి మా సందు మొదట్లోంచి పోతుంటే, నోట్లో పెట్టబోయిన ముద్ద ఆపేసేవాడు. "ఇంజన్ ఒర్లుతుంది, బండి గుంజుతలేదు. ఆయిల్ తక్కువైంది మల్ల" అని తనలో తను అనుకునేవాడు. "కాలిపోనీ నాయినా" అన్నాను ఒకరోజు. నా వంక కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "బండేం జేసిందే?" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత నోటుబుక్కు తెరిస్తే ఆ పేజీ లేదు. స్కేలు పెట్టి చింపినట్టు నీటుగా చింపి ఉంది. నాయనే తీసుకుపోయి చిన్నసారుకు ఇచ్చాడు. అప్పటికే బండి జారుతుండడంతో చిన్నసారు లోలోపల పరేషాన్‌గా ఉన్నాడట, ఈసారి నవ్వకుండా విన్నాడట. ఒకటే అడిగాడట, ఈ సంగతి బయట ఎవరికీ తెలియకూడదని. నాయన మాటిచ్చాడు.

"నువ్వు గూడ ఎక్కడ అనకు బిడ్డా" అన్నాడు నాయన. నేను సరే అనలేదు. నేను సరే అనలేదన్నది ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్న సాకు. ఆ రోజు మాత్రం నాకు నాయన మీద కూడా ఒళ్లు మండిపోయింది. తన పేరు బురదలో ఉంటే, ఆ పేరుకు బురద పూసినవాడి బండి తుడిచి వచ్చాడు ఈయన.

దసరాకు షెడ్డులో బండ్లకు పూజ. పికప్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఆ రోజు గేటు తెరిచే ఉంటుంది, ప్రసాదానికి ఎవరైనా పోవచ్చు. నాయన ఇంట్లోనే ఉండిపోయాడు. నేను పక్కింటి డ్రైవరు భార్యతో పోయాను. పూజయ్యాక పెద్దసారు చుట్టాలు, స్నేహితులు బండి చుట్టూ చేరారు. చిన్నసారు అందరినీ ఒక రౌండు తిప్పుకొచ్చి, ఇంజన్ ఆపకుండానే బానెట్ ఎత్తాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఓసారి చూసుకున్నాడు. గేరు కర్ర తిప్పి వచ్చి కడ్డీ లాగాడు.

చుట్టాల్లో ఒకాయన అడిగాడు, ఇంజన్ ఆపవా అని.

"దీని పద్ధతి వేరండీ. ఆపి చూస్తే లేని ఆయిల్ ఉన్నట్టు చూపిస్తుంది. పుస్తకమంతా చదివి నేనే కనిపెట్టాను" అన్నాడు చిన్నసారు.

నా కాళ్లు వాటంతట అవే ముందుకు నడిచాయి. "పెద్దసార్, ఒక్క మాట" అన్నాను. "మా నాయినను పని మాన్పించక ముందు వారం, ఈ సార్ ఇంజన్ ఆపి చూసి, ఎక్కువుందని ఆయిల్ తీసిండు. ఆ ఎర్ర నూనె ఈ గేటుకే పోయించిండు, మీ వాచ్‌మన్‌ను అడగండి. ఇప్పుడు సార్ చేతుల ఉన్న కాగితం ఎవరి కోసం రాసిందో, పైన ఉంటది, జర చదవండి."

పెద్దసారు చెయ్యి చాపాడు. చిన్నసారుకు ఇవ్వక తప్పలేదు. పెద్దసారు కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు. "నాయన కోసం." తర్వాత మిగతాదంతా, ఒక్కో వాక్యమే, మెల్లగా చదివాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. కడ్డీ చివరి నుంచి ఎర్రనూనె చిన్నసారు తెల్లప్యాంటు మీద బొట్లు బొట్లుగా పడుతోంది, ఆయనకు తెలియడం లేదు. వాచ్‌మన్ను పిలవాల్సిన అవసరం రాలేదు. వెనక నుంచి ఒక డ్రైవరు, "గేర్లు ఇరగ్గొట్టినాయన ఈయనన్నట్టు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, ఆ నవ్వును కడుపునిండా తిన్నాను.

మర్నాడు పెద్దసారు చిన్నసారునే మా ఇంటికి పంపాడు, నాయనను స్వయంగా పిలుచుకురమ్మని. మా సందులో ప్రతి గడపలోనూ ఒకరు నిలబడి చూస్తుండగా ఆయన నడిచొచ్చాడు. నేను మంచినీళ్లు ఇవ్వలేదు, కుర్చీ వేయలేదు. గుమ్మంలో నిలబెట్టి లోపలికి కేకేశాను.

నాయన బయటికొచ్చాడు. చిన్నసారు నోరు తెరిచేలోపే తనే రెండు చేతులూ జోడించాడు. "మాట తప్పిన సారూ. మాఫ్ జెయ్యిండ్రి" అన్నాడు.

చిన్నసారు ఏదో గొణిగి తలదించుకుని వెళ్లిపోయాడు. సందులో తలుపులు ఒక్కొక్కటీ మూసుకున్నాయి. నేను నాయన మీదికి లేచాను. తప్పు చేసినవాడికి నువ్వు దండం పెడతావా అని అరిచాను.

"నేను గేర్లు ఇరగ్గొట్టినోణ్ణన్నది అబద్ధం" అన్నాడు నాయన, గొంతు పెంచకుండా. "గది లోకం నమ్మినా నాకు నిద్ర వట్టింది. మాట తప్పినోణ్ణన్నది నిజం. ఇది ఒక్కలు అనకున్నా నిద్ర వట్టదు."

సోమవారం నుంచి పనిలోకి పోయాడు. పికప్ మళ్లీ ఆయన చేతికే వచ్చింది, అడ్డాలో పేరూ మళ్లీ వచ్చింది. నాతో మామూలుగానే మాట్లాడేవాడు, కోప్పడింది లేదు. రెండు వారాలకు లైసెన్సు గురించి ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. నేను చెయ్యి తుడుచుకుని, వంటింట్లోంచి వచ్చి, చాప మీద కూర్చున్నాను. నాయన ఆ ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు. సందు చివర మందుల షాపు కాంపౌండరుతో చదివించుకుని వచ్చాడు. ఆ తర్వాత నాయన బతికినన్నాళ్లూ ఇంటికొచ్చిన ఇంగ్లీషు కాగితాలన్నీ ఆ కాంపౌండరే చదివిపెట్టాడు.