సున్నా వేసిన సారు

జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేయడానికి సిటీ నుంచి మా ఊరు కొత్తగూడకు వచ్చిన ఆ సారును తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎదుటి మనిషి ఇంకా చెప్తుండగానే పెన్ను టక్కుమనిపించేవాడు. అంతే, ఇక వినేవాడు కాదు. ఊళ్ళో ఆయనకు సహాయకుణ్ణి నేనే.

మొదటిరోజు ఎనభై ఏళ్ళ మా అవ్వకు పది పదాలు చదివి వినిపించాడు. ఎస్కలేటర్, వయొలిన్ లాంటివి. వెంటనే అడిగితే రెండు చెప్పింది. అవి ఎన్నాళ్ళు గుర్తుంటాయో చూడాలని వారం తర్వాత మళ్ళీ వచ్చి, కాగితంలోంచి తలెత్తకుండా, "మీ పేరేంటమ్మా?" అన్నాడు.

అవ్వ ఆయన్ని తేరిపార చూసింది.

"పోయిన బేస్తారం గిదే మంచం మీద కూసున్నవు గద బిడ్డా. నేనిచ్చిన నీళ్ళు తాగకుంట కింద పెట్టినవు. నా పేరు గప్పుడే చెప్పిన."

పెన్ను టక్కుమంది. "ఆ పది పదాలు చెప్పండి."

"గవి యాదికి లెవ్వు."

సున్నా వేశాడు.

"సార్, మిమ్ముల గుర్తువట్టింది గద" అన్నాను.

"అది నా పరీక్షలో లేదు" అంటూ కాగితం నా ముందుకు తోశాడు.

"ఏం రాసిండు బిడ్డా?" అని అవ్వ నన్నడిగింది.

నేను ఆ సున్నా కింద సాక్షి సంతకం పెట్టాను.