రసీదు లేని విరాళం

ఆరోగ్యమ్మకు ముక్కు మీద కోపమని నరసరావుపేటలో చాలామంది అనేవారు. అననీయండి. ఆ కోపాన్ని ఆమె నాలుగేళ్లపాటు నెలకోసారి దిగమింగిన సంగతి మాత్రం వాళ్లెవరూ చెప్పరు. అది నేను చెబుతాను.

ఆమెది నకరికల్లు దగ్గర పల్లె. తల్లీ తండ్రీ మిరపచేలల్లో కూలికి పోయేవాళ్లు. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, బోటనీలో ఎమ్మెస్సీ చేసి, 1985లో పేటలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరింది. వాళ్ల వాడలో అంత చదువు చదివిన ఆడమనిషి అంతకుముందు లేదు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పాఠం మధ్యలో వెనక బెంచీ నుంచి గుసగుస వినపడితే, "ఏందిరా అక్కడ? నాక్కూడా చెప్పు, నేనూ నవ్వుతా" అనేది. పిల్లలు ఆమెకు భయపడేవాళ్లు, ఆమె క్లాసు మాత్రం ఎగ్గొట్టేవాళ్లు కాదు.

ఆ కాలేజీలో జీతాలిచ్చే పద్ధతి ఒకటుంది. ఒకటో తారీఖున గుమాస్తా ఏలియా పెద్ద రిజిస్టరు తెరుస్తాడు. ఆరోగ్యమ్మ పేరుకెదురుగా మూడువేల నాలుగు వందలు అని రాసి ఉంటుంది. రెవిన్యూ స్టాంపు మీద సంతకం పెట్టాలి. ఏలియా వందరూపాయల నోట్లు ముప్పై నాలుగు లెక్కపెట్టి చేతిలో పెడతాడు. పెట్టి, తల వంచుకుంటాడు. అప్పుడు మనంతట మనమే అందులోంచి పది నోట్లు తీసి, బల్ల మీదున్న రేకు డబ్బాలో వెయ్యాలి. దాని పేరు అభివృద్ధి విరాళం. ఎవరి అభివృద్ధి అని అడక్కూడదు. యూనివర్సిటీ వాళ్లు తనిఖీకి వస్తే రిజిస్టరు నిండుగా కనపడాలి, అంతే. డబ్బాలో పడిన నోట్లు కరస్పాండెంటు మస్తాన్‌రావు గారి ఇంటికి చేరతాయని గోడలక్కూడా తెలుసు.

పద్నాలుగు మంది లెక్చరర్లూ వేసేవాళ్లు. ఆరోగ్యమ్మ కూడా వేసింది. ఇంటద్దె, ఇద్దరు పిల్లలు, తల్లి పాపమ్మకు కంటి ఆపరేషను. ఉద్యోగం పోతే ఎట్లా అన్న భయంతో వేసింది. వేసిన ప్రతిసారీ ఒళ్లు మండిపోయేది. ఇంటికెళ్లి ఆ కోపమంతా అంట్లగిన్నెల మీద చూపించేది.

1989 జూన్‌లో ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి కాలేజీకి కాగితం వచ్చింది. ఇంతింత జీతాలిస్తున్నారు గదా, వాటి మీద పన్నేదీ అని. మస్తాన్‌రావు గారు ఏమాత్రం తొణక్కుండా సర్క్యులరు తిప్పారు. లెక్చరర్లు ఎవరి పన్ను వాళ్లే కట్టుకుని నెలాఖరులోగా రిటర్నులు వేసుకోవాలట. తయారుచేసే పని మాత్రం కాలేజీ ఆడిటరు సాంబశివరావు గారు ఉచితంగా చేసిపెడతారట.

ఉచితం! ఆ ఒక్క మాటకే స్టాఫు రూములో సగంమంది మురిసిపోయారు.

సాంబశివరావు గారు ఆ ఏడే కంప్యూటరు కొన్నారు. దానికోసం ఒక గదికి ఏసీ పెట్టించారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. తెర పైన కుంకుమ బొట్టు, పక్కన పసుపు పూసిన నిమ్మకాయ. దాన్ని నడిపే షాహిదా గుంటూరులో ఆరునెలలు కోర్సు చేసి వచ్చిన ముప్పై ఏళ్ల ఇల్లాలు, చాలా నిదానస్తురాలు. బెజవాడలో ఎవరో తయారుచేసిన ప్రోగ్రాము అది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాల్లో ఒక్కొక్క ప్రశ్నే అడుగుతుంది. జవాబు కొడితేగానీ రెండో ప్రశ్నకు పోదు.

లెక్చరర్లు వరుసగా కుర్చీల్లో కూర్చున్నారు. ఒక్కొక్కరికీ ఒక్కో సందేహం.

"మా ఆవిడ పేరు మీదున్న ఎల్లైసీ నా లెక్కలోకి వస్తుందా అమ్మా?" అని ఇంగ్లీషు సారు అడిగాడు.

"కట్టింది మీరైతే వస్తుంది సార్. రసీదు తెచ్చారా?" అంది షాహిదా.

"మా మిరపచేను మీద వచ్చింది కూడా చెప్పాలా?" అని హిస్టరీ సారు.

"దాని మీద పన్ను లేదు సార్. కానీ ఇది అడుగుద్ది, చెప్పాలి."

"మరి ట్యూషన్లు?" అని లెక్కల సుభానీ సారు గొంతు తగ్గించాడు.

"చెప్పాల్సిందే సార్."

"అయితే నేను ట్యూషన్లు చెప్పట్లేదులే అమ్మా" అన్నాడాయన. అందరూ ఘొల్లున నవ్వారు.

ఆరోగ్యమ్మ వంతు వచ్చింది. పేరు అయింది, భర్త పేరు అయింది. జీతం దగ్గర షాహిదా ఆమెను అడగనైనా అడగకుండా కాలేజీ పంపిన జాబితా చూసి నలభైవేల ఎనిమిది వందలు అని కొట్టింది.

"ఆగాగు. అదెవరి జీతం?"

"మీదే మేడమ్. జాబితాలో అట్టాగే ఉంది."

"నా చేతికొచ్చేది నెలకి రెండువేల నాలుగొందలు. ఏడాదికి ఇరవై ఎనిమిదివేల ఎనిమిదొందలు. అది కొట్టి చూడమ్మా, ఏమొస్తదో చూద్దాం."

షాహిదా ఆడిటరు గది వైపు ఒకసారి చూసి, కొట్టింది. మిగతా ప్రశ్నలు గబగబా దాటించింది. జీతంలో మూడోవంతు మినహాయింపు పోయింది. ఎల్లైసీకి కట్టిన రెండువేల ఎనిమిది వందలు పోయాయి. చివర్లో పన్ను సున్నా అని వచ్చింది.

"ఇప్పుడు కాలేజీ చెప్పిన అంకె కొట్టు."

కొట్టింది. పన్ను రెండువేల యాభై రూపాయలు అని వచ్చింది.

ఆరోగ్యమ్మ ఆ రెండు అంకెలనూ తలలో పక్కపక్కన పెట్టుకుని చూసింది. చేతికొచ్చిన జీతానికి దమ్మిడీ పన్ను లేదు. ఈ రెండువేల యాభై అంతా డబ్బాలో పడిన పన్నెండువేల మీదే. తిన్నది ఆయన, పన్ను కట్టాల్సింది తను. కడితే ఈ నెల జీతంలో మిగిలేది మూడొందల యాభై. నాలుగేళ్లుగా దిగమింగిందంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"ఇదేం న్యాయం?" అని అరిచింది. ఏసీ గది దద్దరిల్లింది.

సాంబశివరావు గారు లోపలి నుంచి పరుగున వచ్చారు. "ఎందుకమ్మా రభస? రిజిస్టర్లో ఏముంటే అదే రాయాలి. సంతకం మీదేగా?"

అది అబద్ధం కాదని ఆరోగ్యమ్మకూ తెలుసు. సంతకం తనదే. నలభై ఎనిమిదిసార్లు పెట్టింది.

"నాదేనండీ. అయితే మీరన్నట్టు కాగితం ప్రకారమే పోదాం. షాహిదమ్మా, ఇందాక గబగబా దాటించావే, ఆ ప్రశ్నలు చదువు."

షాహిదా చదివింది. ఇంటి మీద అద్దె వస్తుందా? రాదు. సేద్యం మీద రాబడి? లేదు. విరాళాలు ఏమైనా ఇచ్చారా?

"ఇచ్చాను. పన్నెండువేలు. కాలేజీ అభివృద్ధికి."

షాహిదా అంకె కొట్టింది. రసీదు నంబరు అని యంత్రం అడిగింది. ఖాళీగా వదిలేసి ముందుకు పోబోతే కీచుమని అరిచింది.

"రసీదు లేకపోతే విరాళం తీసెయ్యాల్సిందే మేడమ్."

"తీసెయ్యబాక. నేను పోయి అడుక్కొస్తా" అని ఆరోగ్యమ్మ లేచి, చెప్పులేసుకుని బయటపడింది.

ఆ సాయంత్రం భర్తకు అంతా చెప్పింది. దేవానందం ఆర్టీసీలో కండక్టరు. టిక్కెట్ల పెట్టె పక్కన పెట్టుకుని, కాళ్లు కడుక్కోకుండానే విన్నాడు.

"ఉద్యోగం తీసేస్తాడేమో" అందామె.

"తీసేస్తే తీసేశాడులే అని నేననను. చానా ఇబ్బంది అవుద్ది మనకి" అన్నాడతను. "కానీ నేను టిక్కెట్టియ్యకుండా ఒక్క రూపాయి తీసుకున్నానని తెలిస్తే రేపీపాటికి సస్పెండు. ఆయన పన్నెండువేలు తీసుకుని పెద్దమనిషిగా తిరుగుతున్నాడు. పోయి అడుగు. నేను కూడా రావాలా?" అన్నాడు.

"వద్దు. నా నోరు చాలు" అంది.

మర్నాడు పొద్దున కరస్పాండెంటు గదిలోకి వెళ్లింది. మస్తాన్‌రావు గారు మంచిగానే పలకరించారు.

"రామ్మా, కూర్చో. ఏంది సంగతి?"

"రసీదు కావాలి సార్. నా విరాళానికి."

ఆయన నవ్వారు. "విరాళానికి రసీదేందమ్మా? మనసుంటే చాలు."

"నా మనసుకి అక్కర్లేదు సార్. కంప్యూటరుకి కావాలంట."

నవ్వు ఆగిపోయింది. ఆడిటరు అప్పటికే ఫోను చేసినట్టున్నాడు. మస్తాన్‌రావు గారు కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించారు.

"నీ రెండువేల చిల్లర నేను కడతాలే. రేపు ఏలియాతో పంపిస్తా. ఎవరికీ చెప్పబాక."

ఆరోగ్యమ్మకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, పుట్టింది. పిల్లల ఫీజులు కళ్ల ముందు కదిలాయి.

"మరి మిగతా పదమూడు మందికి?" అని అడిగింది.

"వాళ్లెవరూ అడగలేదుగా."

"అడక్కపోతే తినెయ్యొచ్చన్నమాట."

మస్తాన్‌రావు గారి మొహం జేవురించింది. "ఏంది ఆ నోరు? కూలోళ్ల పిల్లవి గదా అని జాలిపడి ఉద్యోగమిచ్చా నీకు!"

"జాలిపడితే మూడువేల నాలుగొందలూ ఇచ్చేవాళ్లు సార్" అంది ఆరోగ్యమ్మ. "మా అమ్మ ముప్పై ఏళ్లు మిరపకాయలు కోసింది. ఇచ్చిన కూలి ఎంత తక్కువైనా, చేతిలో పెట్టి మళ్లీ వెనక్కి లాక్కున్న ఆసామి ఒక్కడు లేడు. ఆ కూలోళ్ల పిల్లనే నేను. నాకు రసీదు కావాలి."

"ఉద్యోగం కావాలంటే నోరు మూసుకుని ఆ రిటర్ను మీద సంతకం పెట్టు. అక్కర్లేదంటే నీ ఇష్టం. పో!"

ఆమె తిన్నగా ఆడిటరు ఆఫీసుకు పోయింది. షాహిదా ఎదురుగా కూర్చుని, "రసీదు నంబరు దగ్గర 'ఇవ్వలేదు' అని ఇంగ్లీషులో కొట్టు" అంది. షాహిదా కొట్టింది. యంత్రం ఏ గొడవా లేకుండా ముందుకు పోయింది. ప్రింటరు గరగరమంటూ కాగితం బయటికి తోసింది.

సాంబశివరావు గారు వచ్చి చూసి, తల పట్టుకున్నారు. "ఇదేంటమ్మా షాహిదా? నా ఆఫీసు నుంచి ఇది పోవడానికి వీల్లేదు."

"మేడమ్ చెప్పింది కొట్టాను సార్. అడిగింది మన యంత్రమే" అని షాహిదా కాగితం చింపి ఆరోగ్యమ్మ చేతికిచ్చింది.

"మీ ఆఫీసు నుంచి పోనక్కర్లేదండీ. నాకు కాళ్లున్నాయి" అంది ఆరోగ్యమ్మ.

ఒక తెల్లకాగితం మీద తన చేత్తో ఉత్తరం రాసి దానికి గుచ్చింది. నా చేతికొచ్చింది ఇంత, డబ్బాలో వేయించుకున్నది ఇంత, రసీదు అడిగితే ఇవ్వలేదు, ఆ పన్నెండువేల మీద పన్ను ఎవరు కట్టాలో మీరే తేల్చండి. రెండూ పట్టుకెళ్లి ఆదాయపు పన్ను ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చింది.

సాయంత్రానికల్లా కాలేజీ అంతా పాకింది. స్టాఫు రూములో ఆమె పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి. "నువ్వు మునిగేది చాలక మమ్మల్నీ ముంచుతావా తల్లీ?" అని సుభానీ సారు వాపోయాడు.

"మీరు ఆల్రెడీ మునిగే ఉన్నారు సార్. నెలకి వెయ్యి రూపాయల లోతులో" అంది ఆరోగ్యమ్మ.

జులై ఒకటో తారీఖు వచ్చింది. ఎప్పుడూ జీతాల గదిలోకి రాని మస్తాన్‌రావు గారు ఆ రోజు ఏలియా పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. లెక్చరర్లంతా వరుసలో నిలబడ్డారు. ఆరోగ్యమ్మ పేరు పిలిచారు. ఆమె రెవిన్యూ స్టాంపు మీద సంతకం పెట్టింది. ఏలియా ముప్పై నాలుగు నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, తల వంచుకున్నాడు.

ఆరోగ్యమ్మ నోట్లు ఇంకోసారి లెక్కపెట్టుకుంది. ముప్పై నాలుగూ చేతిసంచిలో పెట్టి జిప్పు లాగింది.

"మేడమ్..." అని ఏలియా డబ్బా కొంచెం ముందుకు జరిపాడు.

"చూశాను ఏలియా అన్నా" అని ఆమె కదలకుండా నిలబడింది.

మస్తాన్‌రావు గారు లేచారు. "రేపట్నుంచి నువ్వు కాలేజీకి రాబాక."

పిల్లలు, అద్దె, తల్లి కళ్లు, అన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చేతిసంచి గట్టిగా పట్టుకుంది.

"అట్టాగే సార్. ఆ మాటే కాగితం మీద రాసియ్యండి. ఎంత జీతం తీసుకునే మనిషిని తీసేస్తున్నారో, ఆ అంకె కూడా అందులో రాయండి."

మస్తాన్‌రావు గారు విసురుగా కలం మూత తీశారు. ఏలియా కాలేజీ పేరున్న కాగితం ముందు పెట్టాడు. ఆయన రాయడం మొదలుపెట్టి, అంకె దగ్గర ఆగిపోయారు. మూడువేల నాలుగొందలని రాస్తే, ఇప్పుడామె సంచిలో ఉన్నదంతా ఆమెదే. రెండువేల నాలుగొందలని రాస్తే, ఆ పక్కనే తెరిచి ఉన్న రిజిస్టరంతా దొంగది. గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆమె వైపు చూశారు. వరుసలో వాళ్లందరూ ఆయన కలం వైపే చూస్తున్నారు.

రెండో గంట కొట్టారు.

"నాకు క్లాసుంది సార్. రాయడం అయ్యాక పిలవండి, వచ్చి తీసుకుంటా" అని ఆరోగ్యమ్మ పుస్తకాలు చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.

ఆయన పిలవలేదు. ఆ నెలా పిలవలేదు, ఆ ఏడూ పిలవలేదు. ఆరోగ్యమ్మ ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పి రిటైరయింది, ఆ కాగితం మాత్రం రానేలేదు.