కొర్రచేను మీద శుక్రవారం కేకలు

గల్ఫ్‌లో, అల్ ఐన్ ఖర్జూరం తోటలో పనిచేసిన రోజుల్లో నీ బద్ధశత్రువులెవరని అడిగితే, బొటనవేలంత పిట్టలని చెప్తాను. ఎనభైల మొదట్లో మాట. తోటలో ఉండేది ఇద్దరమే: నేనూ, మా పక్క ఊరి పెద్దాయనా. వరసకు ఏమీ కాకపోయినా ఆయన్ని కాకా అని పిలిచేవాణ్ణి. చుట్టుపక్కల తోటల్లో మా జిల్లావాళ్లు ఉన్నారు గానీ ఎవరి మోటారు వాళ్లది, ఎవరి నీళ్లు వాళ్లవి. ఒకరి ముఖం ఒకరు చూడక నెలలు గడిచేవి. కాకకు అదే పెద్ద దిగులు.

చలికాలం ముందు, ఊరికెళ్లొచ్చిన ఒకాయన చేత కాక భార్య కొర్రలు పంపింది. దంచనివి, పొట్టుతోనే. మహా అయితే ఒక పూటకు వస్తాయి. ఇప్పుడే దంచి వండుకుందామని నేను. కాక వినలేదు.

“ఒక్క పూట తింటె ఏమొస్తదిరా? అలుకుదం. పండినంక అందర్ని పిలిచి కొర్రబువ్వ పెడ్త” అన్నాడు.

అన్నట్టే నీళ్లకాలువ పక్కన, చెట్ల మధ్య ఖాళీ జాగాలో ఆ గింజలు చల్లాడు. అంతటితో ఊరుకున్నాడా? చుట్టూ తోటలకు తిరిగి అందరికీ భోజనానికి చెప్పొచ్చాడు. మొలక ఇంకా వేలెడు లేదు! ఆ చేను చేతికి రాకపోతే ఈయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడని నాకు ఒకటే భయం.

కంకులు వంగి పాలు పోసుకునే వేళకు పిట్టలు దిగాయి. వీపు ఇసుకరంగు, పొట్ట తెలుపు, తోక నల్లగా కొసదేలి ఉంటుంది. ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లగా మెరుస్తుంది. ముక్కు మాత్రం ఒంటికి మించినది: పొట్టిగా, లావుగా, సీసం రంగులో, గింజ కొరకడానికే పుట్టినట్టు. మగదీ ఆడదీ ఒకేలా ఉంటాయి కాబట్టి తిట్టేటప్పుడు తేడా చూడాల్సిన పని లేదు. వీటిని జీనువాయిలంటారని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పట్లో నేను పెట్టిన పేర్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

వాటి దర్జా చూస్తే నాకు ఒళ్లు మండేది. కంకి మీద వాలి, ఉయ్యాల ఊగుతూనే గింజ లాగి, పొట్టు ఒలిచి కింద రాల్చి, లోపలి పప్పు మాత్రం మింగేవి. కడుపు నిండాక ముళ్లచెట్టు కొమ్మ మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని వరసగా కూర్చునేవి. చివరనున్నది అందరి వీపుల మీదా నడిచి వచ్చి మధ్యలో దూరేది. ఒకటి మెడ చాపితే పక్కది ఈకలు సవరించేది. సన్నటి గొంతులతో ఎడతెగని ముచ్చట్లు. పొద్దుగూకే వేళకు అదే చెట్టులో, గడ్డితో బంతిలా అల్లిన గూట్లోకి ఒక్కటొక్కటే దూరేవి. అన్నీ పట్టవని నేను, పడతాయని కాక. రోజూ కాకే గెలిచేవాడు.

చిన్నప్పుడు మంచె ఎక్కి జొన్నచేను కాసినవాణ్ణి, ఊరుకుంటానా? గొంతు చించుకుని “హో... హోయ్!” అని అరిచాను. పిట్టలు చెట్టు దాకా వెళ్లి తిరిగొచ్చాయి. కానీ ఆ కేక విని పక్కతోటాయన గోడ మీంచి తల పెట్టాడు.

“ఎవడ్రా ఆ కూత? మా దిక్కు కూతనే గదరా!” అంటూ ఖాళీ నూనె డబ్బా వాయించుకుంటూ గోడ దూకాడు.

శుక్రవారం అక్కడ సెలవు; ఆ వారం సెలవుకు ఇంకో నలుగురొచ్చారు. ఒక్కొక్క ఊరిది ఒక్కొక్క కేక. ఒకాయన సాగదీసి పాటలా అరిస్తే, ఇంకొకాయన నాలుక ఆడిస్తూ కూసేవాడు. వారమంతా యల్లా, ఖలాస్ లాంటి అరబ్బీ ముక్కలు తప్ప వేరే మాట పలకని గొంతులు అక్కడ తెరుచుకునేవి. కడుపు చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం. అంత సంతోషం నేను గల్ఫ్ గడ్డ మీద అంతకు ముందు ఎరగను.

ఒక శుక్రవారం మా గోల విని తోట యజమాని, మా కఫీల్, పికప్ బండిలో దుమ్ము రేపుకుంటూ వచ్చాడు. పామేమో అని ఆయన కంగారు.

“సాప్? కహాఁ సాప్?”

“సాప్ నహీ అర్బాబ్, చిడియా!” అన్నాడు కాక, కంకుల మీది పిట్టల్ని చూపిస్తూ.

కఫీల్ బండికి ఆనుకుని పగలబడి నవ్వాడు. తర్వాత చేతులు నోటికి అడ్డం పెట్టి, ఒంటెల్ని పిలిచే కేక ఒకటి వేశాడు. మేమెంత అరిచినా తాపీగా లేచే పిట్టలు ఒక్కసారిగా లేచిపోయాయి!

“చూసిన్రా? ఈ దేశం పిట్టలకు ఈడి కూతనే సమజైతది” అన్నాడు కాక.

చివరికి కోత రోజొచ్చింది. నేను కోస్తానన్నా కాక కొడవలి ఇవ్వలేదు, నన్ను మోటారు దగ్గరికి తోలాడు. కఫీల్ ఇంట్లోంచి కాఫీ గింజలు దంచే ఇత్తడి రోలు అడిగి తెచ్చి, ఇద్దరం వంతులేసుకుని దంచాం. శుక్రవారం నాడు పచ్చిపులుసుతో తలా రెండు ముద్దలొచ్చాయి. అందరూ తలలు వంచుకుని మెతుకు మిగలకుండా తిన్నారు. కాక మాత్రం తినడం మానేసి అందరి ముఖాలూ చూస్తున్నాడు. ఆయన మాట దక్కిందని నాకు ప్రాణం లేచొచ్చింది.

చేతులు కడుక్కుంటుంటే చేనువైపు నుంచి గలగలమని చప్పుడు. తిరిగి చూద్దును కదా, ముళ్లచెట్టు దిక్కు సగం చేను కోయకుండా అలాగే ఉంది. పిట్టలు కంకుల మీద హాయిగా ఊగుతున్నాయి. మావాళ్లు అప్పటికే డబ్బాలు పట్టుకుని అటు పరుగెత్తారు.

“కాకా! సగం ఇడ్సిపెట్టినవేంది? ఇంకింత బువ్వయ్యేది గద!” అని గయ్యిమన్నాను.

కాక వాళ్ల కేకలు వింటూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

“బువ్వకైతె ఇయ్యాల ఒక్కనాడే వస్తరురా. పిట్టలుంటె మల్ల శుక్రారం సుత వస్తరు.”