జొన్నపిండి పూసిన శాసనం

నా చిన్నప్పుడు, కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో, మా ఊరి పీర్ల ఊరేగింపులో కొట్లాట ఆపింది నేనే. మనవళ్లకు ఇప్పటికీ అట్లే చెప్తాను. ఇక్కడ మాత్రం నిజం రాస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

మా పెద్దనాయన గుళ్ల చరిత్ర, దర్గాల చరిత్ర వెతుకుతూ రాయచోటి దాకా తిరిగి ఎన్నో శాసనాలు చదివినవాడు. ఆ ఏడు పై వీధి అన్న ఒకడు, పీర్లు ఆంజనేయుడి గుడి ముందు ఆగకూడదని పట్టుబట్టాడు. ఏటా ఆగేవి, గుడివాళ్లు పానకం ఇచ్చేవాళ్లు. ఈసారి ఆగితే తలలు పగులుతాయన్నాడు. మధ్యాహ్నానికి గుడి ముందు కర్రలు చేరాయి. తప్పెట్ల మోత మసీదు వీధి దాటింది.

పెద్దనాయన అరుగెక్కి తన కాగితాలు చదవసాగాడు. ఆ పానకం వాడుక గుడి గోడ పక్కనున్న రాతి మీదే చెక్కి ఉందని ఆయన చెప్పదలిచింది. కానీ 'పూర్వోక్త', 'తదనుసారముగా' అంటూ పోతుంటే ఎవరికీ అందలేదు.

"ఏమప్పా, తద్దినం పెడ్తాండావా?" అని గుంపులోంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆయన కాగితాలు తిరగేసి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

అప్పుడు మా అవ్వ చేటలో జొన్నపిండి తెచ్చి, ఆ రాతికి అరచేత్తో రుద్దింది. గాట్లలో పిండి నిలిచి అక్షరాలు తెల్లగా తేలాయి. "నువ్వు కిందికి దిగు నాయనా" అని కొడుక్కి చెప్పి, పై వీధి అన్నను పిలిచింది. "బడికి పోయినోడివి గదప్పా. ఈడ ఏముండాదో నువ్వే సదువు."

అతను కూడబలుక్కుంటూ చదివాడు. తెలియని అక్షరం దగ్గర పెద్దనాయన మెల్లగా అందించాడు. పీర్లకు పానకం, గుడి ముందర, ఏటేటా. చివరి వరుసకొచ్చేసరికి గొంతు తగ్గింది. "ఈ ధర్మానికి అడ్డమొచ్చినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోవును."

తప్పెట్లు మలుపు తిరిగాయి. అతను కర్రను గోడకానించాడు. "పానకం కలిపినారా లేదా?" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

ఇక నా సంగతి. నేను ఆపిందేమీ లేదు. నిక్కరు జేబుల నిండా గులకరాళ్లు నింపుకుని, మొదటి రాయి నాదే కావాలని నిలబడినవాణ్ణి. రాతికి పిండి రుద్దుతూ మా అవ్వ నా జేబుల వైపు ఒకసారి చూసింది. చేట తెచ్చి నా చేతుల్లో పెట్టి, "ఒలకబోసేవు, గట్టిగా పట్టుకో" అంది. చేట పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి.

వాదం ముదిరిన చోట ఇప్పటికీ నా మాట ఆపి, కాగితం ఎదుటివాడి చేతికిచ్చి "నువ్వే సదువప్పా" అంటాను. జేబులు బరువెక్కినట్టు తోచిన రోజున మాత్రం, ముందు పట్టుకోవడానికి ఒక చేట వెతుక్కుంటాను.